నాయన గొంగడి

నా చిన్నతనంలో ఒక మధ్యాహ్నం, ఎవరూ చూడకుండా, ఒక పరాయి మనిషి గొంగడిలో ముఖం దాచుకున్నాను. ఆయన మా ఇంటి వెనక కాళ్ళు కడుక్కుంటున్నాడు. గొంగడి అరుగు మీద ఉంది. అందులోంచి ఉన్ని వాసన, చుట్ట వాసన, వానకు తడిసిన మంద వాసన, అన్నీ కలిసి మా నాయన వాసన వచ్చింది. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. పడుకునే ముందు నాలుగు ముక్కలు రాసుకునే అలవాటు నాకు ఏళ్ళ తరబడి ఉంది. ఆ రాతల్లో కూడా దీన్ని రాయలేదు. చెబితే ఆ వాసన నా దగ్గర నుంచి పోతుందేమోనని భయం.

మాది గొర్రెలు కాసే కుటుంబం. సూర్యాపేట చివర, మూసీ వైపు పోయే బండ్ల బాట పక్కన మా ఇల్లు. ఇంటి వెనక దొడ్డి. నాయన, తాతయ్య మందతో తిరిగేవారు. అన్నను మాత్రం బడికి పంపారు. మా వాళ్ళలో బడి గడప తొక్కిన మొదటివాడు మా అన్నే. నన్ను పంపలేదు గానీ, అన్న ఇంటికి రాగానే సంచి విప్పి పుస్తకం తీసుకుని దొడ్డి గోడ నీడన కూర్చునేదాన్ని. అన్న అక్షరాలు చూపించేవాడు. మూడు మాటలు అడిగితే ఒక్కదానికి జవాబు చెప్పేదాన్ని కనుక నన్ను "మూగిదానా" అని పిలిచేవాడు. ఆ పిలుపు నాకు ఇష్టంగానే ఉండేది.

సర్కారు మారే కాలం అది, మనుషులు జట్లు కట్టి తుపాకులతో తిరిగేవారు. ఏ బాటన ఎవరు ఎదురుపడతారో, ఏ జట్టు వాళ్ళమని అడుగుతారో తెలిసేది కాదు. నాయన పొట్టేళ్ళను తోలుకుని మిర్యాలగూడ సంతకు పోయాడు. తిరిగి రాలేదు. దారిలో కాల్పులు జరిగాయన్నారు. తాతయ్య వెతుక్కుంటూ వెళ్ళి, చాలా రోజులకు ఒట్టి చేతులతో ఇల్లు చేరాడు. అమ్మను లోపలికి పిలిచి ఏదో చెప్పాడు. అమ్మ గాజులు తీసేసింది. అన్నకూ నాకూ చూసి ఏడవడానికి ఏమీ లేకపోయింది. అందుకే కాబోలు, మేం ఏడవలేదు. సాయంత్రం మంద ఇంటికి మళ్ళినప్పుడు వచ్చే దుమ్ములో నేను ఇంకా ఒక మనిషి కోసం చూసేదాన్ని.

చలి ముదిరిన రోజుల్లో ఆ పరాయి మనిషి బడి దగ్గర కనిపించడం మొదలైంది. ఆయన ఏ జట్టువాడో నాకు అప్పుడు తెలియదు, ఇప్పుడూ తెలియదు. ఆ రోజుల్లో అన్ని జట్లూ పిల్లల కోసం వెతికేవి. నవ్వుతూ ఆడుకునే పిల్లలతో ఆయనకు పని ఉండేది కాదు. ఇల్లు కాలిపోయిన పిల్లవాడు ఒకడు, చెలక భూమి పోగొట్టుకున్న వాళ్ళ పిల్లవాడు ఒకడు, మా అన్న, ఇలా లోపల ఏదో విరిగినవాళ్ళను ఏరుకున్నాడు. మిగతా పిల్లలు అన్నను గొర్రెల కంపు కొడుతున్నావని వెక్కిరించేవారు. ఆయన అన్న భుజం మీద చెయ్యి వేసి, "పులి బిడ్డవురా నువ్వు, నీకు నువ్వే ఎరుక లేదు," అన్నాడట. అన్న ఆ మాట ఇంటికి తెచ్చి నాకు పదే పదే చెప్పాడు.

తర్వాత ఒకరోజు ఆయనే మా ఇంటికి వచ్చాడు. భుజాన నల్ల గొంగడి. "ఇది మీ నాయినది. ఆఖరి గడియల నేను పక్కనే ఉన్న," అన్నాడు. తాతయ్య లేచి గొంగడి అంచు పట్టుకుని చూశాడు. ఎప్పుడో ముళ్ళకంప పట్టి చిరిగితే తాతయ్య తెల్ల ఉన్నితో వేసిన కుట్టు అక్కడే ఉంది. వేళ్ళతో దాన్ని తడిమాడు. వెళ్ళి మళ్ళీ కూర్చున్నాడు.

గొంగడి మాకు ఇస్తాడనుకున్నాను. ఇవ్వలేదు. ఎప్పుడు వచ్చినా భుజాన వేసుకునే వచ్చేవాడు, వేసుకునే పోయేవాడు. అమ్మ తన వంతు జొన్న రొట్టె ఆయనకు పెట్టి, తాను గటక జావ నీళ్ళు తాగేది. ఆయన తింటూ అన్నకు నాయన సంగతులు చెప్పేవాడు. నాయన ఎంత ధైర్యంగా చచ్చిపోయాడో, చచ్చిపోతూ కొడుకు పేరు ఎలా తలచుకున్నాడో చెబుతుంటే నేను తలుపు వెనక నిలబడి ప్రతి మాటా మింగేదాన్ని. అబద్ధమైనా సరే, నాయన గురించి మాట్లాడే మనిషి ఇంకొకరు లేరు.

అన్న మారిపోయాడు. నన్ను మూగిదానా అని పిలవడం మానేశాడు. ఒక సాయంత్రం సంచిలోంచి పుస్తకాలన్నీ తీసి నా ఒడిలో పడేసి, "ఇగ నువ్వే ఉంచుకో," అన్నాడు. ఎంతో ఆశపడ్డ పుస్తకాలవి. వాటిని విప్పబుద్ధి కాలేదు.

ఆ మర్నాడే దొడ్డి గోడ అవతల ఆయన అన్నతో చెబుతున్న మాటలు విన్నాను. కోదాడ బాటలో ఒక ఇల్లు ఉంది. శుక్రవారం పిల్లలు బడికని బయలుదేరి అటు నడవాలి. పుస్తకాల సంచులు వేసుకున్న పిల్లలను ఎవరూ ఆపరు. సంచుల్లో పుస్తకాలకు బదులు కిరసనాయిలు సీసాలు.

"ఆ ఇంట్ల ఎవరుంటరు?" అని అడిగాడు అన్న.

"మీ నాయిన ఉసురు వోసుకున్నోళ్ళు. ఆ పని జేసి రా, ఈ గొంగడి నీదే. లేకుంటే గొర్ల తోకలు వట్టుకుని తిరుగు."

నాకు పెద్దవాళ్ళ ముందు నోరు పెగలదు. ఆ రోజు మాత్రం నేరుగా తాతయ్య దగ్గరికి పోయి, విన్నదంతా విన్నట్టు చెప్పాను. తాతయ్య నా తల నిమిరాడు. అన్నను పిలవలేదు, తిట్టలేదు, ఇంట్లో పెట్టి తలుపు వేయలేదు. చుట్ట వెలిగించడం కూడా మరిచిపోయి మంద వైపు చూస్తూ కూర్చున్నాడు.

గొర్రెలు ఈనే కాలం అది. తెల్లవారి చూస్తే ఒక గొర్రెకు పుట్టిన పిల్ల చలికి చచ్చిపోయి ఉంది. అదే దొడ్డిలో తల్లి చచ్చిన పిల్ల ఒకటి ఆకలికి అరుస్తోంది. దాన్ని ఆ గొర్రె దగ్గరికి వదిలితే వాసన చూసి తలతో కుమ్మి దూరంగా పడేసింది. పాలు నిండి పొదుగు రాయిలా బిగుసుకుపోయినా పరాయి పిల్లను దగ్గరికి రానివ్వలేదు.

తాతయ్య మా ఇద్దరినీ కేకేశాడు. "జర పట్టుండ్రి," అని చచ్చిన పిల్లను అన్న చేతిలో పెట్టి, దాని తోలును చొక్కా విప్పినట్టు మెల్లగా తీశాడు. అన్న ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆ తోలును తాతయ్య బతికున్న పిల్లకు తొడిగాడు. నాలుగు కాళ్ళూ తోలు కాళ్ళలోంచి బయటికి వచ్చాయి. వదులుగా వేలాడుతున్న అంగీ వేసుకున్న పిల్లవాడిలా అది తడబడుతూ గొర్రె దగ్గరికి పోయింది. గొర్రె తల వంచింది. కుమ్ముతుందనుకున్నాను. తోక దగ్గర వాసన చూసింది, మళ్ళీ చూసింది, గొంతులో చిన్నగా గురగుర శబ్దం చేసి కదలకుండా నిలబడింది. పిల్ల పొదుగు అందుకుంది. దాని తోక మీద చచ్చిన పిల్ల తోక కూడా ఊగింది. నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది.

"పాపం, తల్లి మోసపోయింది గద తాత," అన్నాడు అన్న.

"మోసపోయింది. తోలు దాని బిడ్డదే. లోపలున్నది గాదు." తాతయ్య కత్తి తుడుచుకుంటూ అన్నాడు. "అయినా గీ మోసంతోని ఒక పానం నిలవడ్డది. ఆ గొంగడి సుత మీ నాయిందే బిడ్డా. నా కుట్టు నేను గుర్తువట్టిన. లోపలున్నోడు మీ నాయిన గాదు."

అన్న ముఖం ఎర్రబడింది. "ఆయన ఆఖర్ల నాయిన పక్కనున్నడు! నీకేం ఎరుక? గొర్లెంబడి తిరుగుడు తప్ప నువ్వేం జేసినవ్? కొడుకు పోతే సుత ఉలకవు, పలకవు."

ఆ మాటకు తాతయ్య కొడతాడేమో అనుకున్నాను. ఆయన వంగి, పాలు తాగుతున్న పిల్ల మీద జారిన తోలు సర్దాడు.

"నిజమే. ఆడ ఏం జరిగిందో నాకు ఎరుక లేదు. ఒక్కటడుగుత, చెప్పు. ఇన్ని దినాలాయె ఆయన వచ్చుడు, పోవుడు. ఒక్కపారన్న 'బువ్వ తిన్నవార' అని నిన్నడిగిండా?"

అన్న ఆయన వచ్చిన పూటలు వేళ్ళ మీద లెక్కపెట్టసాగాడు. నేనూ వెతికాను. అమ్మ చేతి రొట్టె ఆయన తిన్న పూటలన్నీ గుర్తొచ్చాయి. ఆ మాట ఎక్కడా దొరకలేదు. మా నాయన ఎంత దూరం నుంచి వచ్చినా, చేతి కర్ర గోడకు ఆనించక ముందే, "బువ్వ తిన్నరా బిడ్డా?" అని అడిగేవాడు. తిన్నామంటే, "ఏం కూర?" అనేవాడు. రోజూ అదే పచ్చి పులుసు అయినా రోజూ అడిగేవాడు.

"మీ నాయిన ఆఖరి గడియల మాట్లాడిండంటే గదే అడిగి ఉంటడు," అన్నాడు తాతయ్య. "ఇల్లు కాలవెట్టమని జెప్పేటోడు గాదు."

అన్న అక్కడే, దొడ్డి మట్టిలో కూలబడి ఏడ్చాడు. నాయన పోయాక వాడు ఏడవడం అదే మొదలు. తాతయ్య తన గొంగడి విప్పి వాడి చుట్టూ కప్పాడు. కాసేపటికి నన్నూ రమ్మని దాని అంచు ఎత్తి పట్టుకున్నాడు.

శుక్రవారం పొద్దున ఆయన మా వాకిట్లోకి వచ్చాడు. అన్న గడపలో నిలబడి, "నేను రాను," అన్నాడు. ఆయన నవ్వి, గొంగడి తీసి చేతి మీద వేసుకుని చాచాడు. "పిరికోడా, ఇది వద్దా?" అన్న దాని వంక చూశాడు. తలుపు వెనక నుంచి నేనూ చూశాను. తెల్ల కుట్టు కనిపిస్తోంది. తీసుకో అన్నా, తీసుకో, అని నా ప్రాణమంతా కొట్టుకుంది. "వద్దు," అన్నాడు అన్న. ఆయన గొంగడి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. దాన్ని మేం మళ్ళీ చూడలేదు.

ముందే పొక్కితే అన్న ప్రాణానికే ముప్పని అంతవరకు ఆగిన తాతయ్య, ఆ వెంటనే అన్నను వెంటబెట్టుకుని బడికి పోయి పంతులుగారికి సంగతి చెప్పాడు. పంతులుగారు అప్పటికప్పుడు కోదాడ వైపు పోయే బండివాళ్ళతో కబురు పంపి, తక్కిన పిల్లల ఇళ్ళకు పరుగెత్తారు. బండి ముందు చేరింది. ఆ ఇంటివాళ్ళు పిల్లాపాపలతో తప్పుకున్నారు. పిల్లల్లో ఒకడు మాత్రం పంతులుగారు వెళ్ళేసరికే ఇంటి నుంచి బయలుదేరాడు. ఇల్లు కాలిపోయిన పిల్లవాడే. వాడు తిరిగి రాలేదు. వాళ్ళమ్మ బడి విడిచే వేళకు వచ్చి పిల్లలందరి ముఖాలూ చూసి పోయేది. అన్న ఆమెను చూసి తల దించుకునేవాడు. ఆనాటి నుంచి పంతులుగారు సాయంత్రాలు పిల్లలను తనే వీధి వీధికీ నడిపించి ఇళ్ళకు చేర్చేవారు. ఆ వేసవి దాటాక నన్నూ బడిలో చేర్చుకున్నారు.

ఇప్పుడు నేను కోదాడలో చిన్నపిల్లలకు చదువు చెబుతున్నాను. ఇప్పటికీ ఎక్కువ మాట్లాడలేను. పొద్దున పిల్లలు వచ్చి కూర్చోగానే ఒక్కొక్కరినీ తిన్నావా అని అడుగుతాను. ఏ పిల్లవాడైనా ముభావంగా ఉంటే వాడి పక్కన వెళ్ళి కూర్చుంటాను. ఏమీ చెప్పను. వాడి దుఃఖాన్ని నాకంటే ముందు ఇంకెవరో కనిపెట్టకూడదని, అంతే. చలికాలంలో మందలు మా బడి ముందు నుంచి పోతుంటే పాఠం ఆపి కిటికీ దగ్గరికి వెళతాను. కాపరి భుజం మీద గొంగడి అంచు చూస్తాను. తెల్ల కుట్టు ఉండదని తెలుసు.

ఈ ఉద్యోగానికి ముందు, పంతులమ్మ శిక్షణకు మిర్యాలగూడ వెళ్ళే రోజు తాతయ్య దొడ్డి దగ్గర ఎండలో కూర్చుని ఉన్నాడు. అప్పటికే చూపు పోయింది. నేను కాళ్ళకు దండం పెట్టి, ఆయన గొంగడిలో ముఖం దాచుకున్నాను. ఈసారి ఎవరు చూసినా నాకు ఫరవాలేదనిపించింది. బస్సుకు వేళవుతోందని అన్న తొందర పెట్టాడు. తాతయ్య నా ముఖం మీద వేళ్ళు ఆడించి, నేనేనని తెలుసుకుని అడిగాడు:

"బువ్వ తిన్నవా, బిడ్డా?"