తోట అమ్మి కొన్న టాపు లేని కారు

ఆ కారు అంత ధర చేస్తుందా అని నన్ను అడగనివాళ్లు లేరు. పాలు పోసేవాడు అడిగాడు. పక్కింటి అరవావిడ గోడ మీదినుంచి అడిగింది. మావాళ్లింట్లో పెళ్లికి పోతే ఆకు ముందర కూర్చోబెట్టి, పప్పు వడ్డించేలోగా అడిగారు. నన్నడిగితే నాకేం తెలుసు? నాకు తెలుగు నోట్లోనే ఉంది, చేతిలోకి రాలేదు. అరవంలో నా పేరొకటి గీస్తాను, అంతే. నేను చెప్తుంటే ఇంకొకరు రాస్తున్నారు. తప్పుంటే నా నోటిది, వాళ్ల చేతిది కాదు.

మాది అరవదేశంలో తుడియలూరు. మా ఆయన అక్కడ పంపు మోటార్లకు షాఫ్టులు తీసే పట్టరై పెట్టాడు. వర్క్‌షాపును మా పక్క పట్టరై అంటాం. పుట్టింది నాలాగే దక్షిణాన కంబం ఊళ్లో, బతికింది లేతు మిషను ముందర. ఆయనకు రెండే మాటలు. బండి అంటే బరువు మొయ్యాలి, అది ఒకటి. సంపాదించి పెట్టని సామానుకు అప్పు చెయ్యకూడదు, అది రెండోది. ఆ రెండు మాటలు పట్టుకుని బతికాడు, పోయాడు.

మా అబ్బాయి మీసం రాకముందే ఆ పట్టరైలో దిగాడు. వాడి ఈడు పిల్లలు సినిమాకు పోతే వీడు ఇనపపొడి తుడుచుకుంటూ అన్నానికి వచ్చేవాడు. లేతు చప్పుడుకు ఒక చెవి మందగించింది. మోటారు సైకిలు కావాలని ఒక్కసారి అడిగితే మా ఆయన లోడు మోసే ఆటో కొనిచ్చాడు. వాడు దాన్నే తోలాడు, మళ్లీ ఏమీ అడగలేదు. తండ్రి పోయినాక వాడి నోట్లోనుంచి మాట రావడమే తగ్గిపోయింది. పనివాళ్లతో పని మాట, నాతో అన్నం మాట.

అట్లాంటివాడు ఒక సాయంత్రం నా పక్కన కూర్చుని ఫోనులో ఒక కారు చూపించాడు. ముక్కు పొడుగ్గా, రెండే తలుపులతో, నీలం రంగులో ఉంది. పైన ఏమీ లేదు.

"ఏమిరా ఇది, సగం చేసి వదిలేసిరా?"

"అదేమా దాని అందం. బటను నొక్కితే టాపు మడుచుకోని డిక్కీలోకి పొయ్యేస్తుంది."

"వాన వస్తే?"

"మళ్లా నొక్కేది."

"రెండు మాట్లు నొక్కేదానికి బదులు మూసుండే కారే కొనుక్కోరా కన్నూ. బటనన్నా మిగులుతుంది."

వాడు నవ్వాడు. పళ్లు కనపడేలాగా నవ్వాడు. వాళ్ల నాయన పోయినాక ఆ నవ్వు నేను చూడలేదు. అప్పుడే నా నోరు సగం కట్టేసినట్టయింది.

"దూరం పొయ్యేదానికే చేసిందిమా ఆ బండి," అన్నాడు. "పట్టరైలో నాకు మూపిరి ఆడదు. దాంట్లో పోతే గాలే గాలి."

"దాని ధర ఎంతరా?"

చెప్పాడు. నాకు ఆ అంకె పట్టలేదు. మా వీధిలో ఒక ఇల్లు కట్టి, గృహప్రవేశానికి భోజనాలు పెట్టినా ఇంకా మిగులుతుందని మాత్రం అర్థమైంది.

"బేంకులో ఇస్తారు కదరా?"

"లోను వేణ్డాంమా. నైనా ఏమి చెప్పేవాడు? సంపాయించని సామానుకు అప్పు చెయ్యకూడదని. నైనా మాట నేను దాటను." ఫోను పక్కన పెట్టాడు. "కంబం తోట ఉండాది కదమా."

తండ్రి మాట దాటకూడదని తల్లి తోట అడిగాడు. దాంట్లో తప్పు ఉన్నట్టు వాడికి తోచనే లేదు. మా ఇళ్లలో మగపిల్లలు అట్లాగే పెరుగుతారు. నాయన చెప్పింది మాట, అమ్మది ఏదైనా ఇంట్లో సామాను.

ఆ తోట నా పేరు మీద మా అమ్మ రాసింది. పన్నీరు ద్రాక్ష. రాతి కంబాలు నాటి, తీగలు లాగి, పైన పందిరి. కింద నిలబడితే నడి ఎండలో కూడా ఆకుపచ్చ వెలుగు. మా అన్న చూసుకునేవాడు. కాపుకొకసారి బస్సులో ఒక గంప వేసి పంపేవాడు. నేను దాంట్లో ఏనాడూ పారపట్టి పనిచేసింది లేదు. అయినా తుడియలూరు ఇంట్లో ఎవరితోనైనా మాటా మాటా వస్తే, "నేను మా ఊరికి పొయ్యేస్తా, నాకూ ఒక చోటుంది" అని ఒక మాట అనేదాన్ని. పోయింది లేదు. కానీ అనేదానికి చోటుండేది. తోట పోతే ఆ మాట కూడా పోతుంది. ముసలితనంలో నాకు మిగిలిన బలం ఆ ఒక్క మాటే.

నేను సరే అనలేదు, వద్దనలేదు. ఊరికే ఉన్నాను. ఊరికే ఉంటే సరే అన్నట్టే లెక్క. కొనేవాళ్లు మావాళ్లే, దూరపు బంధువులు. మాట మీద నమ్మి, రిజిస్టరు కాకముందే డబ్బు ఇచ్చేశారు. కారు ఇంటికి వచ్చేసింది. రిజిస్టరుకు నేను వేలిముద్ర పెట్టేది ఒక్కటే మిగిలింది.

మాలో కొత్త బండి ఏది కొన్నా ముందు కులదైవానికి చూపించాలి. మోపెడు అయినా, ట్రాక్టరు అయినా, బోరు వేసే లారీ అయినా సరే. చూపించేదాకా ఇంకో పనికి కదిలించకూడదు. మా ఆయన వంశానికి అమ్మవారు కంబం దగ్గరే, చేల మధ్యలో. కాబట్టి ఒకే రోజు పెట్టుకున్నారు. పొద్దున్న పూజ, మధ్యాహ్నం రిజిస్టరు.

పోయేది ఎట్లా? ముందు రెండు సీట్లు. వెనకాల సీటు ఉందని పేరు, అది పిల్లికి చాలు. నేను ఎక్కి చూశాను, మోకాళ్లు గడ్డానికి తగిలాయి. కోడలు చెడ్డది కాదు, మంచికే చెప్పింది.

"అత్తా, మీరు బస్సులో పోతే కాలు చాపుకోని పోవచ్చు. దీంట్లో నడుం పట్టుకుంటుంది."

టాపు డిక్కీలోకి మడిస్తే పూజ సామాను పెట్టే చోటు కూడా లేదు. కొబ్బరికాయలూ గుమ్మడికాయా సంచిలో వేసుకుని ముందురోజే నేను బస్సెక్కాను. నా తోట ఇచ్చి కొన్న బండి నా వెనక వచ్చింది. నేను పళని దాటి, వత్తలగుండు దాటి, ఒళ్లో గుమ్మడికాయ పెట్టుకుని పోయాను.

మా అన్న బస్సు స్టాండుకు వచ్చాడు. సంచి తీసుకుని ముందు నడిచాడు. అన్నం తినేటప్పుడు అన్నాడు. నాకు అరవై దాటినా అన్నకు నేను పాపనే.

"పాపా, నేను నిన్ను ఏమీ అడగను. నీ తోట, నీ కొడుకు. పందిట్లో నాకు చానా దినాలు పోయినాయి, అంతే."

అంతకన్నా పెద్ద మాట అన్నకు రాదు. చేయి కడుక్కుని లేచిపోయాడు.

పొద్దున్న కారు వచ్చింది. గుడికి పోయే మట్టిబాట మధ్యలో ఎత్తు, పక్కల గుంతలు. కింద రాయి గీసుకున్నప్పుడల్లా మా అబ్బాయి ముఖం తన ఒంటికే గీసుకున్నట్టు ముడుచుకుపోయేది. చేలల్లో పనిచేసేవాళ్లంతా వచ్చి చుట్టూ నిలబడ్డారు. మా అన్న చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"ఏరా అల్లుడా, నా ట్రాక్టరుకూ పైన ఏమీ లేదు. దానికి ఎంత ఇప్పిస్తావు?"

అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. "మామా, నీ ట్రాక్టరుకు మడిచే టాపు ఉండాదా?"

"లేని టాపును మడిచేది ఎట్లారా? అంత చదువు నేను చదవలేదు."

కోడలు పట్టుచీర కట్టుకుని ముందు సీటులోనుంచి దిగింది. నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టారు. ఉరుమి డోలు మొదలైంది. పూజారి నన్ను చూసి, "అత్తా, కొంచెం అట్లా జరిగి ఉండు" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. మొగుడు పోయినదాన్ని, కొత్త బండికి ఎదురు నిలబడకూడదు. నాకు తెలియనిది కాదు. మా అన్న ట్రాక్టరు వెనక్కు పోయి నిలబడ్డాను.

అక్కడినుంచి నాకు పూజారి వీపు కనబడుతోంది. కర్పూరం తిప్పాడు, గుమ్మడికాయ కొట్టాడు, బొట్లు పెట్టాడు. ఆ తర్వాత పసుపు నీళ్ల కుండ ఎత్తాడు. మా పక్క ప్రతి బండికీ చివర్లో పసుపు నీళ్లు నడినెత్తినుంచి పోస్తారు, వేపాకు వేసి, కుండ నిండా. ట్రాక్టరు అయితే ఇనుము మీద పడి కారిపోతుంది. ఈ కారుకు నెత్తి లేదు. మా అబ్బాయి అందరికీ చూపించాలని టాపు తెరిచే పెట్టాడు, ఇప్పుడు కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటున్నాడు.

అందరిలో నాకే ముందు తెలిసింది. కుండ పూజారి భుజం దాకా పోయింది. ముందుకు పోవాలంటే కాలు రాలేదు. నేను ఎదురు పోతే ఆ తర్వాత కొడుక్కు ఏం జరిగినా నా నెత్తికే వస్తుంది. అయినా అరిచాను, "పోయొద్దు, పోయొద్దు!" ఉరుమి డోలులో నా అరుపు నాకే వినపడలేదు.

కుండెడు నీళ్లు లోపల పడ్డాయి. వెన్నరంగు తోలు సీట్లు. పసుపు వాటి కుట్లలోకి, మధ్యలో ఉన్న బటన్లలోకి, కింద మెత్తటి గుడ్డలోకి దిగింది. వేపాకులు తేలుతున్నాయి. డోలు ఆగిపోయింది.

"ట్రాక్టరుకు పోసినట్లే పోస్తిని సామీ," అన్నాడు పూజారి, ఖాళీ కుండ పట్టుకుని. "దీనికి లోపలే బయట అని నాకేం తెలుసు?"

మా అబ్బాయి ఎవరినీ తిట్టలేదు. పరుగెత్తి తువ్వాలు తెచ్చి తుడిచాడు. తుడిచేకొద్దీ పసుపు ఇంకా లోపలికి పోయింది. తువ్వాలు తడిసిపోతే కొత్త చొక్కా విప్పి దాంతో తుడిచాడు. ఒంటి మీద ఒట్టి బనీనుతో, మోకాళ్ల మీద, తలుపు దగ్గర. పట్టరైలో నూనె ఒలికితే తుడిచినట్టే.

మా అన్న నా దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించలేదు.

"పాపా, అమ్మవారే చెప్పేసింది. వేలు పెట్టొద్దు. బండి తిరిగి ఇచ్చేస్తాం, వాళ్ల డబ్బు వాళ్లకు ఇచ్చేస్తాం."

చుట్టూ నిలబడినవాళ్లు అవునన్నట్టు తలలాడించారు. కోడలు కూడా నా వైపే చూసింది. ఆ నిమిషం నేను ఒక్క మాట అనుంటే అందరూ నా పక్కే. అమ్మవారు కూడా నా పక్కే అన్నారు. ఇంత సాయం నా బతుకులో ఎప్పుడూ దొరకలేదు. అయినా వాడు ఇంకా తుడుస్తూనే ఉన్నాడు. మందగించిన చెవి మా వైపే ఉంది కాబట్టి వాడికి ఈ మాటలేమీ వినపడలేదు. నేను ఆ ఒక్క మాట అనలేదు. అది అమ్మవారి మాటేనని నమ్మకనో, కొడుకు వీపు చూసో, నాకు ఇప్పటికీ తెలియదు.

వాడు లేచి, "టైము అవుతుంది, పోదాం" అన్నాడు.

"ఈ తడి సీటులో నేను కూర్చోను," అంది కోడలు. "పట్టుచీర. నేను మీ మామతో ఆటోలో వస్తా."

అట్లా ముందు సీటు నాకు వచ్చింది. కింద పరిచేదానికి ఏమీ లేదు. కూర్చున్నాను. తడి వెన్నుదాకా పాకింది. టాపు మూసేదానికి వాడు బటను నొక్కాడు. సగం లేచి, చెయ్యెత్తి దండం పెట్టినట్టు ఆగిపోయి, మళ్లీ కిందికి పోయింది. ఇంకోసారి నొక్కలేదు.

రోడ్డు ఎక్కాం. చెప్పకూడదు గానీ, చెప్పక తప్పదు. బాగుంది. ముఖానికి గాలి. పక్కన వరి, ఆ పైన అరటి, దూరంగా కొండలు, నెత్తిమీద ఆకాశం. బస్సు కిటికీలోనుంచి చూసిన ఊరు కాదిది. కొంగు నిలవలేదు, పళ్లతో పట్టుకున్నాను. మా తోట వచ్చింది. రాతి కంబాలు వరసగా వచ్చాయి, పోయాయి. బస్సులో అయితే ఆ మలుపు దగ్గర నిదానిస్తుంది. ఇది నిదానించలేదు.

"ఎట్లుండాదిమా?" అని అరిచాడు గాలిలో. బనీను నిండా పసుపు, పళ్లు కనపడేలాగా నవ్వు.

"బాగుండాదిరా," అన్నాను. అబద్ధం కాదు. అది ఇంకా కష్టం. చెడ్డగా ఉంటే వద్దనేదానికి ఒక పట్టు దొరికేది.

రిజిస్ట్రారు ఆఫీసులో మనిషి నన్ను పైనుంచి కిందికి చూశాడు. చీర వెనకంతా పచ్చగా ఉంది. అరవంలో అడిగాడు, ఇష్టపడే ఇస్తున్నావా అని. "ఆమా" అని ఒప్పుకున్నాను. ఇప్పుడు సిరా లేదు. చిన్న గాజు పెట్టె మీద బొటనవేలు పెట్టమన్నాడు. పెట్టాను. మిషను తీసుకోలేదు. మళ్లీ పెట్టాను. తీసుకోలేదు. అంట్లు తోమి తోమి నా వేలి గీతలు అరిగిపోయాయట.

"వేలు పడకపోతే ఈరోజుకు కాదుమా. ఇంకో దినం రండి," అన్నాడు ఆయన.

వాకిట్లో మా అన్న లేచి నిలబడ్డాడు. ఈరోజుకు కాదంటే ఇంకొంచెం కాలం తోట ఉంటుంది, ఆ ఇంకొంచెంలో ఏమైనా జరగవచ్చు. నేను చేయి వెనక్కు తీసుకున్నాను.

మా అబ్బాయి ఆ చేయి పట్టుకున్నాడు. గట్టిగా కాదు. చిన్న పిల్ల చేయి పట్టుకున్నట్టు. నోటి ఆవిరి ఊది, నా కొంగుతోనే బొటనవేలు తుడిచాడు. షాఫ్టు తుడిచేవాడు కదా, ఓపిక ఎక్కువ. తుడిచి, తానే గాజు మీద పెట్టి, మెల్లగా ఒత్తి పట్టుకున్నాడు. "కదిలించొద్దుమా" అన్నాడు. నేను కదిలించలేదు.

మిషను కీక్ మంది. ఆకుపచ్చ లైటు వెలిగింది.

"ఇంకేం లేదా?" అని అడిగాను ఆ మనిషిని.

"అంతేమా, ఆ పక్క జరగండి," అని నా వెనకవాళ్లను పిలిచాడు.