ఊదుగొట్టంలో దాచుకున్న జోలపాట

మా చిన్నప్పుడు... అంటే నిజాం కాలంలో, నేను మూడు తరగతులు చదివి, పెండ్లయి, నంగునూరు నుంచి సిద్దిపేటకు కోడలిగా వచ్చిన రోజు... గడప ముందు నన్ను ఆపి, పాట పాడితేనే లోపలికి రానిస్తామన్నారు ఆడవాళ్లు.

నాకు పాట రాక కాదు. పుట్టింట్లో జొన్నచేనుకు కావలి పోయి, గట్టు మీద నిలబడి పిట్టలను తోలుతూ ఎన్ని పాటలు పాడానో... పక్క చేనువాళ్లు పని ఆపి వినేవారు.

కానీ ఆ రోజు అందరి కళ్లూ నా మీదే. దవడలు బిగుసుకున్నాయి. భుజాలు చెవుల దాకా లేచాయి. గొంతుకు ఎవరో తాడు బిగించినట్టు... ఉత్త గాలి తప్ప ఏమీ రాలేదు.

ఎదురింటి రాజవ్వ పక్కున నవ్వింది. "ఏందే, మూగదాన్ని తెచ్చుకుంటివా?" అని మా అత్తను అడిగింది. అత్త నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

అప్పటి నుంచి మా ఇంట్లో పేరంటమైనా, మంగళహారతి అయినా రాజవ్వే పాడేది. నేను వంటింటి తలుపు వెనకాల నిలబడి వినేదాన్ని...

మా మామకు బజారులో బట్టల దుకాణం. ఆయన పొద్దున్నే తిని పోవాలి, కాబట్టి తెల్లవారకముందే పొయ్యి రాజేయడం నా వంతు. వానాకాలం కట్టెలు తడిసి పొగే తప్ప మంట వచ్చేది కాదు. ఊదుగొట్టం నోట పెట్టుకుని ఊదీ ఊదీ కళ్ల వెంట నీళ్లు కారేవి.

ఒక రోజు అవి పొగకు వచ్చిన నీళ్లో, ఏడుపుకు వచ్చిన నీళ్లో నాకే తెలియలేదు. ఊదుతుండగానే ఏడుపు పొంగింది... అది గొట్టంలో పడి "ఊఁ..." అని సన్నగా మోగింది.

వింతగా అనిపించింది. ఈసారి కావాలనే ఊదాను...

గొట్టం పెదవుల మధ్య ఉంటే పళ్లు బిగపట్టడానికి వీలుండదు. ఊపిరి పొట్టలోంచి నిదానంగా వస్తేనే నిప్పు రాజుకుంటుంది. పెదవుల మీద చిన్న అదురు... గొంతులోని ముడి దానంతటదే వదులైంది. పైగా ఎవరు విన్నా, కోడలు పొయ్యి ఊదుతోందనే అనుకుంటారు. ఇంకేం... నా పాటలన్నీ, మాటలు లేకుండా, రోజూ ఆ గొట్టంలోనే పాడుకున్నాను. బూడిద లేచి తలంతా తెల్లగా అయ్యేది.

ఆ ఏడే మా ఆయన అక్క కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. వంటింటి గోడ అవతలే బాలింత గది. ఒక పొద్దున వేడినీళ్లు తీసుకుపోతే, వదినె నా కొంగు పట్టుకుని నెమ్మదిగా అడిగింది.

"పిల్లా, పొయ్యికాడ పాడేది నువ్వేనా? నా బిడ్డ గా పాట వింటనే పండుకుంటున్నది."

సిగ్గుతో చచ్చినంత పనైంది. ఎవరికీ చెప్పొద్దని బతిమాలాను. నవ్వి, చెప్పనులే అంది.

ఇరవై ఒకటో రోజు తొట్టెల, అంటే పాపను ఉయ్యాలలో వేసే వేడుక. మా ఇళ్లలో పాపను తొట్టెలలో వేయగానే మొదటి జోల మేనమామ భార్య పాడాలి. అంటే నేనే... కొండపాక నుంచి వదినె అత్తగారి వాళ్లంతా వస్తున్నారు. ముందురోజు అత్త బియ్యం చెరుగుతూ, నా వైపు చూడకుండానే అంది.

"రేపు గూడ గొంతు లేవకుంటే ఇప్పుడే చెప్పు, రాజవ్వను పాడమంట. కానీ నీ పాట ఒక్కసారి ఆమెకిస్తే, ఇగ నీకు రాదు... చూస్కో."

కోపంగా అనలేదు. అందుకే ఇంకా భయమేసింది. నేనే పాడతానని ఎట్లాగో చెప్పాను.

మర్నాడు తొట్టెలకు బంతిపూలు కట్టారు. పాపను పడుకోబెట్టి తాడు నా చేతికిచ్చారు. నోరు తెరిచాను... మళ్లీ అదే బిగింపు. పాప ఏడుపు అందుకుంది. వెనక రాజవ్వ గొంతు సవరించుకోవడం వినబడింది. అత్త ఆమె వైపు తిరగబోతోంది...

అప్పుడు వదినె నా చెవి దగ్గరికి వంగి, నాకొక్కదానికే వినబడేటట్టు అంది.

"పొయ్యి ఊదు, పిల్లా."

తొట్టెల మీదికి వంగాను. మనుషులను చూడలేదు. గొట్టం ఉన్నట్టే పెదవులు గుండ్రంగా చేసి, పాప చెవి దగ్గర "ఊఁ..." అన్నాను. దవడ వదులైంది. భుజాలు దిగాయి. పాప ఏడుపు ఆపి వింటోంది... అది ఎరిగిన పాటే కదా.

ఆ "ఊఁ" లోంచే పెదవులు మెల్లగా విచ్చుకున్నాయి. మాటలు వచ్చాయి. చేను గట్టు మీద పాడిన నా గొంతే...

పాట అయ్యేసరికి పాప నిద్రపోయింది. అబ్బ... ఆ రోజు పీల్చుకున్నంత నిండు ఊపిరి ఆ ఇంట్లో అంతకుముందు నేను పీల్చలేదు.

రాజవ్వ ఊరుకుంటుందా... "పాట బాగనే ఉన్నది గని, ముందుగాల గా ఊఁ అనుడేందే?" అని అడిగింది.

అత్త తడుముకోలేదు. "నంగునూరు దిక్కు గట్లనే పాడుతరు. నీకెర్కలేదా?"

మా నంగునూరులో అట్లాంటి పద్ధతే లేదు. ఆ సంగతి అత్తకూ తెలుసు. నా వైపు చూసి కళ్లతోనే నవ్వింది...

మరుసటేడు రాజవ్వ తన మనుమరాలి తొట్టెల దగ్గర ముందు "ఊఁ..." అని, ఆ తర్వాతే జోల అందుకుంది. చూస్తుండగానే మా గల్లీ అంతటికీ అదే ఆచారమైంది.

ఇప్పుడు గ్యాసు పొయ్యిలు... ఊదే పని లేదు. తొట్టెల దగ్గర ఫోన్లో జోల పెడుతున్నారు. పిల్లలు పడుకుంటున్నారు, మంచిదే... కానీ ఇప్పటికీ ఎవరైనా పాడమంటే నా పెదవులు ముందు గొట్టం కోసమే గుండ్రంగా తిరుగుతాయి.

మరి మీ ఇంట్లో గొంతు పెగలని పిల్లతో ఎవరు, ఏం చెప్పి పాడించారు?... రాయండి, చదువుకుంటాను.