ఇస్త్రీ పెట్టె చప్పుడుకు వచ్చే పిట్ట

చీరల మూట పట్టుకుని మేడ దిగాను. మా అశోక్‌నగర్ సందు మలుపులో, కానుగ చెట్టు కింద ఇస్త్రీ బండి ఉంది, చప్పుడు లేదు. పక్కన కొబ్బరిబోండాలమ్మే ఆమె చెప్పింది: "ఆయన పోయిండమ్మా. రాత్రి గుండె ఆగింది." మూటతో మళ్ళీ మేడెక్కాను.

ఇరవై రోజులైంది. ఎదుట ఉన్నన్నాళ్ళూ "ఏమయ్యా" అనేదాన్ని. ఇప్పుడు "ఆయన" అని రాస్తున్నాను. మర్యాదకు తొందరేమిటనుకున్నాను కాబోలు.

ఆయనది పాలమూరు వైపు. కాపురం అంబర్‌పేటలో. భార్య ఇంటింటికీ తిరిగి బట్టలు తెచ్చేది, ఈయన ఇస్త్రీ చేసేవాడు. కోచింగ్ పిల్లలవే ఎక్కువ. ఇంటర్వ్యూ చొక్కా అంటే రెండుసార్లు పెట్టె తిప్పేవాడు. "నౌకరి రాకుంటే నా మీద పడొద్దు గదా" అనేవాడు.

నేను నారాయణగూడలో ముప్పై ఏళ్ళు జంతుశాస్త్రం చెప్పాను. పిట్టలు నాకు బాగా తెలుసు, ముఖ్యంగా సీసాల్లో ఉన్నవి.

నిరుడు ఉగాది ముందు, ఆయన నీడకోసం కట్టిన టార్పాలిన్ తాడుకు తేనెపిట్ట గూడు కట్టింది. గుప్పెడంత. సాలెగూటి పోగులు, ఎండుటాకులు, ఎవరి చొక్కాదో ఓ దారం. మగపిట్ట నీలంగా మెరుస్తూ కరెంటు తీగ మీద పాడుతుంటే, కట్టిందంతా ఆడపిట్టే. నాకేమీ ఆశ్చర్యం కలగలేదు.

గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చాక, మా మనవరాలి కెమెరా తీసుకుని పొద్దున్నే దిగాను. తల్లి పురుగుతో వస్తుంది, నన్ను చూస్తుంది, పోతుంది.

"మీరు జర చెట్టెన్కకు జరుగుండ్రి టీచరమ్మా. నేను పెట్టె ఆపను. చప్పుడైతుంటే పని చేసుకుంటున్నమని దానికి ఎరుక. ఆగితే దాన్నే చూస్తున్నమనుకుంటది."

చదువుకున్నదాన్ని, ఊరికే నమ్ముతానా? పెట్టె ఆపమన్నాను. పిట్ట తీగ మీదే ఆగిపోయింది. తిప్పమన్నాను. వచ్చింది. మూడుసార్లు చేయించాను. నాలుగోసారి ఆయన పెట్టె దించలేదు. "పరీక్షలు చాలు. పిల్లలకు ఆకలైతున్నది."

పదకొండుకల్లా బట్టలైపోయాయి. నాకింకా ఫొటో పడలేదు. పైనుంచి చీరలు తెచ్చాను, తర్వాత దుప్పట్లు, దిండు గలీబులు, గుమ్మం తెరలు. ఆ రోజు మా వంటింటి మసిగుడ్డ కూడా మడత నలగకుండా ఇంటికొచ్చింది. సాయంత్రానికి ఒక్క ఫొటో కుదిరింది. గూటి నోట్లో పసుపు పొట్ట, ముక్కున సాలీడు, మూలన ఆయన చెయ్యి, పెట్టె, ఒక చొక్కా. ఆయన కళ్ళు చిట్లించి చాలాసేపు చూశాడు.

"కాలరు సరిగ రాలే" అన్నాడు.

ఎండ తిరిగినప్పుడల్లా ఆ తాడు విప్పి టార్పాలిన్ జరపడం ఆయన అలవాటు. గూడు ఉన్నన్నాళ్ళూ విప్పలేదు. మధ్యాహ్నాలు తడి తువ్వాలు నెత్తిన చుట్టుకుని నిలబడ్డాడు. "వెర్రా?" అన్నాను. "రెక్కలొస్తే అవే పోతయమ్మా. నేనెటూ ఈడనే ఉంట" అన్నాడు.

నిన్న ఆయన భార్య ట్రాలీ ఆటో తీసుకొచ్చింది, బండి అమ్మేయడానికి. టార్పాలిన్ ముడి మీద చెయ్యి వేసి ఆగిపోయింది. అదే తాడుకు మళ్ళీ సగం గూడు.

"మల్ల గీడనే పెట్టిందా" అంది, తిడుతున్నట్టే. ఆటో అతనికేసి తిరిగి, "పిల్లలు ఎగిరినంక రా అన్న" అంది.

"గీ పిట్టలకోసం ఇన్నాళ్ళు ఆగితే బేరం పోతదక్కా" అన్నాడతను.

"పోనియ్."

తాను ఏనాడూ పెట్టె పట్టలేదు. అయినా బొగ్గులు రాజేసింది. "ఏమన్నుంటే తెండ్రి టీచరమ్మా" అంది. తెచ్చాను, ఇస్త్రీ అయిన గలీబులే. విప్పి చూసి, మొదటిది పరిచింది.

ఆమె చప్పుడు ఆయనది కాదు. కాస్త నెమ్మది, మధ్యలో తడబడుతోంది. ఆడపిట్ట సాలెపోగు ముక్కున పట్టుకుని తీగ మీద వాలింది. తల ఇటు వంచి వింది, అటు వంచి వింది.

నేను చెట్టు వెనక్కి జరిగాను. ఆమె రెండో గలీబు పరిచింది.