జాలరిపేటకి మూడో దారి

దెయ్యాల కబుర్లు మొదలైతే టీ తాగడానికి లేచిపోయే మనిషిని నేను. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసేవాడికి ప్రతి గొంతు వెనకా ఒక తీగ ఉంటుందని తెలుసు. ఆ నమ్మకంతోనే ఇన్నేళ్ళూ గడిపాను.

మా ఎక్స్ఛేంజీ దువ్వాడ దగ్గర. ఏ పేటకి కాల్ వెళ్ళాలన్నా ఆ పేట పేరు మీద ఒక జాబితా ఉంటుంది. అందులో దారులు వరసగా రాసి ఉంటాయి. మొదటిది ఖాళీ లేకపోతే కాల్ రెండోదానికి, అదీ లేకపోతే మూడోదానికి పోతుంది. జాలరిపేటకి మూడో దారి పాత రాగి కేబుల్. రోడ్డు వెడల్పు చేసినప్పుడు దాన్ని తవ్వి తీసి, ముక్కలు తుక్కు కింద పంపేశారు. ఆ కాగితం మీద సంతకం నాదే. జాబితాలోంచి తీసేయాల్సిందీ నేనే. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అని బద్ధకించాను.

ఆ రోజు పొద్దున్న ఎక్కడో తవ్వకాల్లో మొదటి దారి ఫైబర్ కేబుల్ తెగింది. సెల్‌ఫోన్లూ మూగబోయాయి. రెండో దారి కిక్కిరిసిపోయింది. మా లైన్‌మ్యాన్ అప్పలరాజుది జాలరిపేట. సముద్రం మీద గాలి లేస్తుందని రేడియోలో విన్నాడు. తమ్ముడు ఎల్లాజీని వేటకి వెళ్ళకుండా ఆపాలని ఇంటి ల్యాండ్‌లైన్‌కి చేస్తూనే ఉన్నాడు. లాభం లేక బండి తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. ఆఖరిసారి చేస్తే కలిసింది.

"ఒరే, ఇయ్యాల ఏటకెల్లకు. గాలొత్తాది," అన్నాడు. కాసేపు విని పెట్టేశాడు. "ఎల్లన్లే అన్నియ్యా అన్నాడు, బావా."

"మరింకేం, కూర్చో. ఇక్కడ చచ్చేంత పనుంది," అన్నాను. తాళాలు మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

ఎల్లాజీ పన్నెండున్నరకి పడవ దింపాడు. రెండు రోజులకి శవం ఒడ్డుకొచ్చింది.

దినాలు అయ్యాక తెలిసింది. ఆ పొద్దున్నంతా ఎల్లాజీ ఒడ్డునే కూర్చుని వల బాగుచేసుకున్నాడట. పక్కన నలుగురున్నారు. ఇంటికి తాళం. తాళంచెవి పూర్ణా మార్కెట్లో చేపలమ్ముతున్న అప్పలరాజు భార్య కొంగున ఉంది.

ఎక్స్ఛేంజీలో రికార్డు తీసి చూశాను. పదకొండూ పదికి కాల్. యాభై సెకన్లు. అవతల ఎత్తినట్టే ఉంది. దారి, మూడు. తెలిసినవాళ్ళని అడిగాను. లేని తీగ మీద కాల్ కలవదన్నారు. ఆ సంగతి నాకూ తెలుసు.

ఆ మూడో దారిని జాబితాలోంచి ముందే తీసేసి ఉంటే బిజీ టోన్ వచ్చేది. అప్పలరాజు బండెక్కేవాడు. గంటలో తమ్ముడి దగ్గర ఉండేవాడు.

అంతా అతనికి చెప్పేసి, జాబితా తెరిచి తీసేయబోయాను. చెయ్యి పట్టుకున్నాడు.

"ఉంచు, బావా. ఆడు మల్లీ ఎత్తుతాడేటో."

ఉంచాను. రోజూ భోజనాల వేళ అప్పలరాజు ఆ దారి మీదే ఇంటికి చేస్తాడు. ఏమీ వినిపించదు. ఆ రోజు ఎత్తిందెవరో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. అతను పెట్టేసేదాకా నేను ముద్ద మింగలేను. ఎవరైనా ఎత్తుతారేమోనని నాకు భయం.