నల్ల గొర్రెపిల్ల లెక్క

ఆదెమ్మతో పంతానికి దిగడమంటే కొరివితో తల గోక్కోవడమేనని నిమ్మనపల్లె చుట్టుపక్కల అందరికీ తెలుసు. వానలు ముఖం చాటేసిన ఏడాది ఊరంతా గొర్రెలు తెగనమ్ముకుంటే, ఆమె మాత్రం తుమ్మకాయలు ఏరి తెచ్చి మేపి మందను నిలబెట్టుకుంది. అలాంటి మనిషికి ఆరేళ్ల మనవరాలు ముచ్చెమటలు పట్టించింది.

మనవరాలి పేరు స్వర్ణ. అమ్మానాన్నలు తెల్లారకముందే ఆటో ఎక్కి మదనపల్లె వైపు టమోటా కోతలకు పోతారు. పిల్ల ఆలనాపాలనా అంతా ఆదెమ్మదే. ఒకరోజు సుమలత టీచరు ఇంటికే వచ్చింది.

"కూడికలు బాగా చేస్తాదవ్వా. తీసివేతలే ఎంత చెప్పినా ఎక్కడం లేదు. ఇంట్లో మీరూ ఆడిస్తా ఆడిస్తా నేర్పండి," అంది.

టీచరు గడప దాటిందో లేదో, స్వర్ణ పలక విసిరికొట్టింది. "నేను బడికి పోను. నీతో గొర్రెల ఎంబడి వస్తా!"

ఆ మాటకు ఆదెమ్మ గుండె కలుక్కుమంది. సరిగ్గా ఆ వయసులోనే ఆమె బడి మాని గొర్రెల వెంట పోయింది. ఇప్పటికీ వచ్చింది కుప్పం బస్సో పుంగనూరు బస్సో బోర్డు చదువుకోలేక పక్కవాళ్లను అడిగే ఎక్కుతుంది.

"నా బతుకు నాతోనే పోవాల. నీకు తీసివేతలు నేర్పకపోతే నేను ఆదెమ్మనే కాదు. కూసో!" అంది.

చెనిక్కాయలు ఒలిచి, ఆ పప్పులతో మొదలుపెట్టింది. మూడుకు రెండు కలిపితే అయిదని పిల్ల చిటికెలో చెప్పింది.

"ఇప్పుడు రెండు తినెయ్. ఎన్ని ఉండాయి?"

"అయిదు."

"యాడుండాయే అయిదు?"

"మూడు ఈడ, రెండు కడుపులో."

ఓరి దేవుడా! ఆదెమ్మ చెనిక్కాయలు పక్కన పెట్టేసింది. మర్నాడు చింతపిక్కలు పరిచింది. ఆ పై రోజు వేళ్లు మడిపించింది. మడిచిన వేళ్లను కూడా పిల్ల లెక్కలో వేసేసి, "మళ్లీ తెరుస్తా గదా!" అంది. అయినా ఆదెమ్మ వదిలే రకమా?

పెద్ద గొర్రెలు మేతకు పోయినప్పుడు గొర్రెపిల్లల్ని మూసిపెట్టే వెదురు గంప ఒకటుంది. ఒక సాయంత్రం మనవరాలిని దాని దగ్గరికే తీసుకుపోయి, గంప ఎత్తి పట్టుకుంది.

"ఎన్ని ఉండాయో సెప్పు."

"ఆరు."

"కండ్లు తెరిసి సూడు! అయిదే గదా."

"నల్లది కొండకు మేతకు పోయిండాది. వస్తాదని నువ్వే సెప్తివి గదవ్వా."

ఆదెమ్మ చేతిలోంచి గంప జారిపోయింది. దాని తల్లి చచ్చిపోతే స్వర్ణ సీసాతో పాలు పట్టి సాకిన పిల్ల అది. బోరు మోటరు కాలిపోతే, బాగుచేయించే డబ్బుకు ఆ నల్లదాన్ని పుంగనూరు సంతలో అమ్మింది ఆదెమ్మే. మనవరాలు ఏడుస్తుందని కొండకు పోయిందని అబద్ధమాడింది. పోయిందల్లా తిరిగొస్తుందని తానే నేర్పి, తీసివేత రాలేదని ఇప్పుడు పిల్లను కసురుకుంటోంది! సిగ్గుతో చచ్చినంత పనైంది. ఇంకో అబద్ధమాడటం సులువే. కానీ ఆమె నేల మీద చతికిలబడి, పిల్లను ఒళ్లోకి లాక్కుంది.

"అది ఇంక రాదమ్మా. దాన్ని అమ్మేస్తిని. నీకు అబద్దం సెప్తిని."

స్వర్ణ ఒక్క ఉదుటున ఒళ్లోంచి లేచిపోయింది. ఏడ్చి ఏడ్చి, సంగటి ముట్టకుండా, అవ్వకు వీపు పెట్టి పడుకుంది.

పొద్దున ఆదెమ్మ వాకిలి ఊడుస్తుంటే, స్వర్ణ తనంతట తానే పోయి గంప ఎత్తింది. గొర్రెపిల్లలు చెంగుచెంగున బయటికి దూకాయి. వాటినే చూస్తూ నిలబడింది.

"ఆరుండె. ఒగటి అమ్మేస్తివి. అయిదు," అంది.

ఆదెమ్మ చీపురు కింద పడేసింది. "అవునమ్మా, అయిదే," అంటూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

స్వర్ణ ముక్కు తుడుచుకుని బడిసంచి తగిలించుకుంది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"అవ్వా, ఈసారి అమ్మేటప్పుడు నాకు సెప్పి అమ్ము."

"సెప్తా తల్లీ," అంది ఆదెమ్మ.