అత్తగారు కడిగేసిన గ్రీకు కోడి

ఆ రోజుల్లో నా కోపానికి వేళాపాళా ఉండేది కాదు. పొద్దున్నే పాలవాడి మీద మొదలై, ప్లాంటు బస్సు డ్రైవరు మీదుగా వెళ్లి, సాయంత్రానికి మా ఆయన దగ్గర ఆగేది. ఇప్పుడా కోపమంతా మా అబ్బాయి హోంవర్కుకే సరిపోతోంది గాని, అప్పట్లో దానికి బోలెడంత తీరిక ఉండేది. పైగా మా గోదావరి జిల్లాల్లో కోప్పడడం అంత సులువు కాదు. ఎంత మండిపోతున్నా మాట చివర ‘అండి’ తగిలించాల్సిందే. ‘మీకసలు బుద్ధుందా అండి’ అంటే తిట్టినట్టుండదు, యోగక్షేమాలు అడిగినట్టుంటుంది. తిట్టు బలమంతా ఆ చివరి అక్షరాల్లో కారిపోతుంది. నా జీవితంలో నేను పడ్డ అతి పెద్ద కోపం కూడా అలా ‘అండి’తోనే పడ్డాను. అది ఒక కోడి గురించి.

పెళ్లై భీమవరం వచ్చేనాటికి నేను ఊరి బయట ఒక రొయ్యల ప్లాంటు ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. చెరువుల నుంచి ఐసులో వచ్చిన సరుకు రంగు చూసి, వాసన చూసి, పరీక్షలు చేసి, ఇది పనికొస్తుంది, ఇది పనికిరాదు అని తేల్చి సంతకం పెట్టడం నా పని. ఏది పాడైందో ఏది పాడవలేదో చెప్పడానికి నేను ఎమ్మెస్సీ చదివాను. (ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. నా ఏడుపంతా దీని గురించే.) ఇంట్లో నలుగురం. మావగారు రిటైరైన లెక్కల మాస్టారు. రాత్రి ఏడున్నరకి కంచం ముందు కూర్చుంటారు, గడియారమే ఆయన్ని చూసి సరిచేసుకోవాలి. అత్తగారు వంటింటికి మకుటం లేని మహారాణి. మా ఆయన రొయ్యల మేత అమ్మే కంపెనీలో పనిచేస్తూ రోజంతా చెరువు గట్ల మీద తిరిగేవారు. ఏ ప్రశ్నకైనా ఆయన దగ్గర ఒకటే జవాబు, “చూద్దాం.” అందుకే మనసులో ఆయనకి చూద్దాంగారు అని పేరు పెట్టుకున్నాను. ఇక్కడా అలాగే పిలుస్తాను.

అత్తగారు ఎప్పుడూ గొంతు పెంచేవారు కాదు. నాకు మంట అదే. పోట్లాడేవాళ్లతో పోట్లాడొచ్చు, ప్రేమగా మాట్లాడేవాళ్లని ఏం చేస్తాం? ఒకరోజు నేను బస్సు దిగి ఇంట్లోకొచ్చేసరికి వంకాయలు తరుగుతూ, “రాత్రి వంటొకటి నీ చేతిమీదుగా జరిగితే బాగుంటుందమ్మా. నాకా మోకాళ్లు పట్టేస్తున్నాయి. నువ్వేమో వచ్చేసరికి ఆరున్నర దాటుతుంది. ఆ రొయ్యల కంపులో మాత్రం ఎన్నాళ్లు పడతావు? మానేద్దువుగాని, మనకేం తక్కువ?” అన్నారు. చేతిలో వంకాయ ఎంత మెత్తగా తెగిందో నా ఉద్యోగం కూడా అంత మెత్తగా తెగింది. నేను చూద్దాంగారి వైపు చూశాను. ఆయన ఫోన్ చూసుకుంటూ, “చూద్దాం” అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. చదువుకున్నది నేను, సంతకం పెడుతున్నది నేను, నా ఉద్యోగం సంగతి ఈయన చూస్తారట. “ఉద్యోగం చేస్తూనే వంట చేస్తానండి, ఎందుకు చేయలేను?” అనేశాను.

మావగారు పేపరు మడిచారు. ఆయనకి తగువు తీర్చడమంటే లెక్క చేసినంత ఇష్టం. “సరే. ఆదివారం కాదు, పనిరోజే. ఆఫీసు నుంచి వచ్చి, ఏడున్నరకి అందరికీ రాత్రి భోజనం పెట్టు. పెడితే ఈ ఇంట్లో ఉద్యోగం మాట ఇంకెవరూ ఎత్తకూడదు. పెట్టలేకపోతే నువ్వు మీ అత్తగారి మాట వినాలి. ఏమంటారు?” అన్నారు. అత్తగారు నవ్వి, “పాపం, అలిసిపోయి వస్తుందండి” అన్నారు. ఆ ‘పాపం’ వినగానే నేను ఒప్పేసుకున్నాను.

కూరా పులుసూ చేస్తే అత్తగారి వంటతో పోలుస్తారు, ఓడిపోతాను. ఉప్మా చేస్తే దాన్ని భోజనమంటే ఎవరొప్పుకుంటారు? అందుకని భీమవరంలో ఎవరి అమ్మా ఎప్పుడూ వండనిదేదో వండాలని ఫోన్‌లో వెతికాను. ఒకమ్మాయి, నలగని చొక్కా వేసుకుని, గ్రీకు దేశం వాళ్ల పద్ధతిలో చికెన్ ర్యాప్ చేస్తోంది. చికెన్‌ని పెరుగు, నిమ్మరసం, వెల్లుల్లి, ఆలివ్ నూనెలో నానబెట్టి, పెనం మీద కాల్చి, రొట్టెలో కీరా ముక్కలూ గట్టి పెరుగూ వేసి చుట్టేయడమే. “పని రోజుల్లో ఏ రాత్రికైనా ఈజీ” అంది. ఆ ‘ఈజీ’ అన్న మాట మీద నాకు ఇప్పటికీ కక్ష ఉంది. ఏ రాత్రికైనా అట. మా ఇంట్లో సోమవారం శివుడని మావగారు తినరు. మంగళవారం ఆంజనేయస్వామి, చూద్దాంగారు తినరు. గురువారం బాబా, అత్తగారు తినరు. శుక్రవారం, శనివారం ఎవరూ తినరు. ఆ అమ్మాయి చెప్పిన ‘ఏ రాత్రైనా’ మా ఇంటికొచ్చేసరికి ఒక్క బుధవారం అయింది.

సామాను కొనడం ఇంకో భాగవతం. ఆలివ్ నూనె కిరాణా కొట్లో లేదు, మందుల షాపుకి వెళ్లమన్నారు. మందుల షాపాయన చిన్న సీసా తీసి, దాన్ని ఆప్యాయంగా తుడిచి, “బాబా అండి, పాపా అండి?” అని అడిగాడు. “కోడి అండి” అన్నాను. చికెన్ కొట్లో బోన్‌లెస్ అడిగితే, “ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదా అండి?” అన్నాడు. ఒరెగానో అనే ఎండాకుల పొడి మాత్రం మా ఇంట్లోనే దొరికింది. పిజ్జాలతో పాటు ఇచ్చే చిన్న పొట్లాలని అత్తగారు పారేయకుండా డబ్బాలో దాచారు. (అవి పనికొచ్చినందుకు ఆవిడ ఎంతో సంతోషించారు. ఆ సంతోషం చూసి నేను మోసపోయాను.)

బుధవారం తెల్లవారుజామున లేచి ముక్కల్ని నానబెట్టి గిన్నె మీద మూత పెట్టాను. పెరుగుని పల్చటి గుడ్డలో మూటకట్టి, నీళ్లు దిగడానికి జల్లెడలో పెట్టాను. చపాతీ పిండి కలిపాను. అన్నీ ఫ్రిజ్‌లో సర్ది, “సాయంత్రం వచ్చి కాల్చుకోవడమే అత్తయ్యగారూ, మీరేం ముట్టుకోవక్కర్లేదు” అని చెప్పి మరీ బస్సెక్కాను. ఆరోజు ల్యాబ్‌లో నేను ఎవరినీ విసుక్కోలేదట. మా అటెండరు భయపడి, జ్వరమేమైనా వచ్చిందా మేడం అని అడిగాడు.

సాయంత్రం గుమ్మంలో అడుగు పెట్టగానే నాకు మసాలా వాసన కొట్టింది. వాసన విషయంలో నా ముక్కుకి ప్లాంటు వాళ్లు జీతమిస్తారు, పొరపాటు పడదు. అల్లం వెల్లుల్లి, ధనియాలు, గసగసాలు, ఎండుకొబ్బరి. ఫ్రిజ్ తెరిచాను. నా గిన్నె లేదు. నా పెరుగు మూటా లేదు. పొయ్యి మీద మూకుడులో ఎర్రగా, నూనె తేలుతూ, కోడికూర. అత్తగారు చెయ్యి తుడుచుకుంటూ వచ్చారు. “మధ్యాహ్నం మూత తీసి చూశానమ్మా. పసుపు లేదు, కారం లేదు, ముక్కలన్నీ తెల్లగా పాలిపోయి జిగురుగా ఉన్నాయి. ఏదో మందు వాసనొకటి. పాడైపోయింది కాబోలు అనుకున్నాను. పారేద్దామంటే మనసొప్పలేదు. నాలుగు నీళ్లు పోసి కడిగి, పసుపేసి రుద్ది, మళ్లీ కడిగి, కూర వండేశాను. పెరుగు కూడా మూటలో విరిగిపోయినట్టుంటే మజ్జిగ చేసేశాను. నువ్వేం కంగారుపడకు.”

గ్రీకు దేశం మొత్తాన్ని ఆవిడ సింకులో కడిగేశారు. నాకు మాటలన్నీ ఒకేసారి వచ్చాయి. “పాడైందని మీకెవరు చెప్పారండి? పొద్దున ఫ్రిజ్‌లో పెట్టిన చికెన్ మధ్యాహ్నానికే పాడవుతుందా అండి? నాకు ఒక్క ఫోన్ చేసి అడగొచ్చు కదండి. పాడైందో లేదో చెప్పడమే కదండి నా ఉద్యోగం?” అన్నాను. ముందుగదిలోంచి మావగారు గడియారం చూసి, “ఏడు కావస్తోంది” అని ప్రకటించారు. అత్తగారు నిజంగానే నొచ్చుకున్న మొహంతో, “ఇంత కోపమేంటి తల్లీ, కూర బాగానే కుదిరింది కదా” అన్నారు.

కూర బాగా కుదరడమే కదా నా కష్టం. అది ఆవిడ వంట. ఏడున్నరకి ఆ కూర వడ్డిస్తే నా ఉద్యోగం ఆ కూరతో పాటే కంచంలో పడుతుంది. అందుకని గరిటె పట్టుకుని మూకుడు మీద పడ్డాను. ముక్కల్ని పులుసులోంచి ఏరి, పెనం మీద వేసి, తడి ఆరేదాకా కాల్చాను. నిమ్మకాయ పిండాను. మిగిలిన ఒరెగానో మొత్తం దులిపేశాను. అప్పడాల కర్రతో పిండిని ఒత్తుతుంటే అది పిండి కాదు, నా పగ అన్నట్టు పల్చగా వచ్చింది. చూద్దాంగారు వంటింటి గుమ్మంలోకి వచ్చి, “నేనేమైనా సాయం...” అన్నారు. నేను చూసిన చూపుకి వాక్యం పూర్తి చేయకుండా వెళ్లి కీరా దోసకాయ చెక్కు తీయడం మొదలెట్టారు. గట్టి పెరుగు లేదు కాబట్టి పాలగిన్నె మీది మీగడ తీసి వాడాను. సరిగ్గా ఏడున్నరకి అందరి కంచాల్లో ర్యాప్‌లు పడ్డాయి. నా జుట్టు నిండా పిండి.

మావగారు మొదటిది తిని తలూపారు. రెండోది తిని, “బాగుందమ్మా, చాలా బాగుంది” అన్నారు. మూడోది కూడా తిన్నారు. గెలిచేశాననుకున్నాను. అప్పుడాయన చెయ్యి కడుక్కోలేదు. కంచం కొంచెం ముందుకి జరిపి, “ఇక అన్నం పెట్టండి” అన్నారు.

అత్తగారు లేచారు. పొయ్యి వెనకాల, ఒక మూల, రైస్ కుక్కరు మూత తీశారు. పొగలు కక్కుతూ అన్నం. ఆవిడ ఎప్పుడు పెట్టారో నేను చూడనే లేదు. మిగిలిపోయిన కోడి పులుసు అన్నంలో కలుపుకుని, నా పెరుగు మూటతో చేసిన మజ్జిగ పోసుకుని, అందరూ సుబ్బరంగా తిన్నారు. చూద్దాంగారు కూడా తిన్నారు. (ఆ కంచం నాకింకా గుర్తే.) మావగారు తీర్పు చెప్పారు. “కోడలు టిఫిన్ బ్రహ్మాండంగా చేసింది. భోజనం మాత్రం మీ అత్తగారే పెట్టిందమ్మా. కాబట్టి...”

“కాబట్టేం లేదండి” అన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, అందుకు ఇంకా కోపం వచ్చింది. “టిఫినో భోజనమో మీ ఇష్టమండి. నేను ఉద్యోగం మానను. లారీడు సరుకు బాగుందో లేదో నా మాట మీద నడుస్తుందండి అక్కడ. ఈ ఇంట్లో గిన్నెడు చికెన్ గురించి నన్నొక మాట అడగాలని ఎవరికీ తోచలేదు. ఇలాంటి పందేలు ఇంకెన్ని పెట్టినా మానను.” చూద్దాంగారు గొంతు సవరించుకున్నారు. ‘చూద్దాం’ అంటే మజ్జిగ గిన్నె నెత్తిన పోసేద్దామని నేను సిద్ధంగా ఉన్నాను. ఆయన, “మానక్కర్లేదు నాన్నా. రాత్రి వంట నేనూ చేస్తాను” అన్నారు. పెళ్లయ్యాక ఆయన నోట నేను విన్న మొదటి పూర్తి వాక్యం అదే.

అత్తగారు మాత్రం ఆ వారమంతా నాతో మాట్లాడలేదు. కావలసింది గాలితో చెప్పేవారు, గాలి నాతో చెప్పేది. ఆదివారం చేపల పులుసు పెట్టారు, నా కంచంలో తలకాయ ముక్క వేశారు, అయినా మాట్లాడలేదు. సోమవారం మధ్యాహ్నం నేను ల్యాబ్‌లో ఉండగా ఫోన్ మోగింది. అత్తగారు. ఆవిడ నాకెప్పుడూ ప్లాంటుకి ఫోన్ చేయలేదు. ఎవరికేమైందోనని కంగారుగా ఎత్తాను. “అమ్మాయ్, నిన్నటి చేపల పులుసు మిగిలిందే. ఉంచమంటావా, పారబోయమంటావా?” అన్నారు. నేను వెంటనే నా సంతకం పెట్టే గొంతు తెచ్చుకున్నాను. నురగ కట్టిందా, జిగురు సాగుతోందా, వాసన ఎలా ఉంది అని వరసగా అడిగాను. ఆవిడ ఒక్కొక్కదానికీ ఓపిగ్గా జవాబు చెప్పారు. “ఉంచండి అత్తయ్యగారూ, బాగానే ఉంది” అని తేల్చాను. “సరేనమ్మా. నువ్వు చెప్పావుగా, ఉంచుతాను” అని పెట్టేశారు. ఆ రాత్రి మా ఇద్దరికీ వడ్డిస్తూ, “ల్యాబ్ వాళ్లు ఉంచమన్నారండి” అని మావగారికి వినపడేలా చెప్పారు. ఉద్యోగం మానేయమన్న మాట ఆ ఇంట్లో మళ్లీ వినపడలేదు. ఆ రోజు నేను గెలిచానని ఎంత మిడిసిపడ్డానో చెప్పలేను.

అప్పట్నుంచి ఆ ఫోన్లు ఆగలేదు. ఇడ్లీ పిండి పులిసిందా, ఆవకాయకి బూజు పట్టిందా, పక్కింటావిడ పంపిన పూతరేకులు ఎన్నాళ్లుంటాయి, అన్నీ నన్నే అడుగుతారు. సరుకు లారీ వచ్చిన వేళలో ఫోన్ మోగితే ఇప్పటికీ విసుక్కుంటాను. బుధవారాలు చూద్దాంగారు ర్యాప్‌లు చేస్తారు, అత్తగారి కోడికూర ముక్కలతోనే, తర్వాత అన్నం కూడా తింటారు.

మొన్నామధ్య సెలవు రోజున పెరట్లో బట్టలారేస్తుంటే, అత్తగారు గోడవతల పక్కింట్లో కొత్తగా దిగినావిడతో మాట్లాడుతున్నారు. ఆవిడ చేపల పులుసు మిగిలిపోయిందని ఏదో అంది. “అయ్యో, పారబోస్తారేంటండి? చేపల పులుసు రెండో రోజే కదండి రుచి. మన గోదారోళ్లలో అది తెలియని ఆడదుంటుందా?” అన్నారు అత్తగారు.

తడి చీర పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నిజమే, ఉండదు. నాకూ తెలుసు, చిన్నప్పట్నుంచీ తెలుసు. మరి ఆవిడకి ఆ సోమవారం తెలియదా? నురగ, జిగురు అంటూ నేను ఫోన్‌లో దంచేస్తుంటే ఓపిగ్గా జవాబులు చెప్పిన ఆవిడకి? నాకు మళ్లీ కోపం వచ్చింది, ఈసారి ఎవరి మీదో తెలియలేదు. ల్యాబ్‌లో తెల్ల కోటు వేసుకుని, మెడ నిక్కించుకుని, బంగారంలాంటి చేపల పులుసుకి పరీక్షలు పెట్టిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వూ వచ్చింది. చీర ఆరేసి లోపలికెళ్లాను. అత్తగారు ఫ్రిజ్ తెరిచి, ఒక గిన్నె మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టి, “ఇది ఉంటుందా అమ్మాయ్?” అన్నారు. వాసన చూసి, ఉంటుందండి అన్నాను.