సొర చేప, మా అమ్మ మోచేయి

నా ముగ్గురు బిడ్డలనూ ఆదోనిలో మా అమ్మింట్లోనే కన్నాను. నెలలు నిండితే మా ఆయన యెమ్మిగనూరులో బస్సెక్కించి పంపేవాడు. కాన్పయిందో లేదో అమ్మకు ఒకటే యావ, సొర చేప. ఎండు సొరను నానేసి ఉడకబెట్టి, తెల్లగడ్డలు దండిగా ఏసి పొడిపొడిగా వేంచి పెడితే బాలింతకు పాలు పడతాయంటుంది. డాక్టరమ్మ కాదని చెప్పినా ఇనదు.

సముద్రాన్ని మా ఇంట్లో ఎవురూ చూడలేదు. అదే మద్రాసు రైలెక్కి మా దగ్గరికి వచ్చేది. ఎండుచేపలమ్మే ఆమె వాకిట్లో గంప దించితే అమ్మ చెయ్యి చాపి కొలిచేది. ఏలి కొస నుంచి మోచేయి దాకా లేకుంటే ముట్టుకునేది కాదు. డెబ్బైలలో పెద్దోడు పుట్టినప్పుడు మోచేయి దాటిన సొరలే వచ్చినాయి. పాలు ఎంత పడినాయంటే రైకలు మార్చలేక సచ్చినాను. రెండోదాని కాన్పుకు సొర సగానికి దిగింది. "నీ గంపకు గూడా కరువొచ్చిందా మే?" అని అమ్మ ఎగతాళి చేసింది.

ఎనభైలలో మూడోది పుట్టింది. పాలు చాలక గుక్కపట్టి ఏడుస్తాంది. బిడ్డ దక్కుతాదో లేదోనని నాకు ఒకటే భయం. ఆ పొద్దు గంపలో ఉన్న సొర అమ్మ అరచేతిలో సరిపోయింది.

"ఏం మే, ఇది సొరనా, బల్లినా?"

"ఏం జేసేదక్కా, వల కండ్లు సన్నవి చేసినారంట. పెద్దవన్నీ అయిపోయినాయి, ఇప్పుడు పిల్లల్నీ ఊడ్సుకొస్తాండారు. ఇంగ ఈనేదానికి తల్లి యాడుంటాది?"

"చేప ఈనేదేంది మే?"

"ఈ సొర గుడ్లు పెట్టదక్కా, మన మాదిరే కంటాది." ఆమె చేపను తిరగేసి రెక్కల నడుమ సన్న మచ్చ చూపించింది. "ఇదో, బొడ్డు. ఇంకా మాననే లేదు."

మా వీధిలో సగం మందికి బొడ్డు కోసిన చెయ్యి మా అమ్మది. ఆ మచ్చను బొటనేలితో తడిమి, చేపను మళ్లా గంపలో పెట్టింది.

"తీస్కపో మే. బిడ్డకు పాలకని ఇంకో బిడ్డను ఉడకబెట్టల్లనా?"

"తీస్కపోయి తుంగభద్రలో ఇడిస్తే ఈదుతాదా అక్కా?"

నాకు యాడలేని నవ్వొచ్చింది, కుట్లు లాగేదాకా నవ్వినాను. అమ్మ నవ్వలేదు. లోపల బిడ్డ ఏడుస్తానే ఉండాది. అమ్మ చేప తీసుకుని వండింది. రెండు ముద్దలకు సరిపోయింది.

మూడోనాడు పాలు పడినాయి. సొర వల్లనో, తెల్లగడ్డల వల్లనో దేవుడికెరుక. బిడ్డ కడుపునిండా తాగి నిద్రపోతే నాకు ఏడుపొచ్చింది. అమ్మ బిడ్డ బొడ్డు మీది గుడ్డ తీసి చూసింది.

"మానింది," అన్నది. "ఇంగ కాన్పులు సాలించు మే. నీకు పాలు పడల్లంటే సముద్రంలో తల్లులు మిగలరు."